నా ఆది జాకెట్టు ఉదయగిరిలో ఉంది

ఫ్యాషన్లు మరీ తొందరగా మారిపోతున్నాయని గొణిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తొందరగానా? దీన్ని తొందర అంటారా? పఫ్ చేతులు వచ్చి, పెరిగి, తగ్గి, పోయేసరికి ఒక పెళ్లిళ్ల సీజను మొత్తం అయిపోయింది! ఇంత నింపాదిగా నడిస్తే దేశం ఎప్పటికి బాగుపడుతుంది?

నా డిమాండ్ ఒక్కటే. జాకెట్టు ఫ్యాషను వారానికి రెండుసార్లు మారాలి. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. మంగళ, శుక్రవారాలు మాత్రం వద్దు. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఈ మాట అంటున్నది సిటీలో ఏసీ గదిలో కూర్చున్న డిజైనర్ కాదు. ఆత్మకూరుకు ఈమధ్యే కాపురానికి వచ్చిన కోడలు. పేరు అశ్విత. బీకాం పాసయ్యాను. పుట్టిల్లు ఉదయగిరి. మా ఆయన పేరు ప్రశాంత్, చేజర్ల దగ్గర సచివాలయంలో ఉద్యోగం. గడప దగ్గర నా చెప్పుల పక్కన ఆయన చెప్పులు కనిపిస్తే చాలు, నాకు నవ్వు వచ్చేస్తుంది. చెప్పులే కదా అంటారా? అయితే మీకు పెళ్లయి చాలా కాలమై ఉంటుంది.

నా సంతోషం అలా ఉంచి, జాతీయ ప్రయోజనాల సంగతికి వద్దాం.

హైదరాబాద్‌లో ఏదో హోటల్లో ఫ్యాషన్ వీక్ జరుగుతుంది. ఒకమ్మాయి భుజాలకు కొంగ రెక్కల్లాంటివి తగిలించుకుని, ఎవరో కాలు తొక్కినట్టు ముఖం పెట్టుకుని ర్యాంప్ మీద నడుస్తుంది. తెల్లారి ఆత్మకూరులో నేను ఇడ్లీ పాత్రలో పిండి పోసేలోపే ఆ రెక్కలు నా ఫోన్లో వాలిపోతాయి. ఎక్కడో జరిగేది కూర్చున్నచోటే చూడగలిగే విద్య ఒకప్పుడు మునులకే ఉండేది. ఇప్పుడు నాకుంది, నెలకోసారి రీచార్జ్ చేస్తే చాలు!

ఇక కొలాబరేషన్లు. ఒక డిజైనర్ తనంతట తాను బట్టలు కుడితే ఇప్పుడు ఎవరూ తల తిప్పి చూడరు. ఎవరితోనైనా చేతులు కలపాలి. చెప్పుల కంపెనీతో, చాక్లెట్ కంపెనీతో, గోడల రంగుల కంపెనీతో. గోడ రంగులోనే చీర కట్టుకుని ఆ గోడ ముందు నిలబడితే మనిషి కనిపించదట! చుట్టాలు వచ్చినప్పుడు కొత్త కోడళ్లకు ఇంతకన్నా పనికొచ్చే చీర ఇంకేముంటుంది?

మన ఊరేం తక్కువ తినలేదు. మా వీధి చివర చీరల షాపు వాళ్లు పక్కనున్న బోరు మోటార్ల షాపుతో కొలాబరేషన్ పెట్టుకున్నారు. మోటారు కొంటే లెహంగా మీద తగ్గింపు. అనంతసాగరం నుంచి ఒక రైతు కూతురి లెహంగా కోసం వచ్చి మోటారు కొనుక్కుపోయాడు. ఇంటికి పోయాక గుర్తొచ్చిందట, తన చేలో బోరు లేదని. ఇప్పుడు బోరు వేయిస్తున్నాడు. రేపు నీళ్లు పడితే ఆ ఘనత ఎవరిది? లెహంగాది కాదా?

పఫ్ చేతులను చూసి నవ్వేవాళ్లు ఒకసారి మా షేర్ ఆటో ఎక్కాలి. వెనక సీటులో ఎప్పుడూ ఐదుగురు ఇరుక్కునే చోట ఇప్పుడు ముగ్గురికి మించి పట్టడం లేదు. ఓవర్ లోడ్ వద్దని బోర్డులు పెట్టి, పాంప్లెట్లు పంచి ఎవరూ సాధించలేనిది భుజాల మీది రెండు బుడగలు సాధించాయి! గుంతలో పడ్డప్పుడు కూడా ఒకరికొకరం మెత్తగా తగిలి వెనక్కి వస్తాం. ఆటో షావలి మాత్రం అద్దంలో చూసి గోల పెడతాడు.

"అమ్మా, ఆ చేతులు లోపలికి పెట్టుకోండమ్మా! ఎదురొచ్చే లారీవోడు చూసి బెదురుతాండాడు."

"లోపలే ఉండాయన్నా మా చేతులు. బయట ఉండేది ఫ్యాషను!"

తర్వాత వీపు మీద తాళ్లు కట్టుకునే జాకెట్టు వచ్చింది. దాని వల్ల దాంపత్యం బలపడుతుంది. ఎలాగంటారా? ఆ తాళ్లు మనంతట మనం కట్టుకోలేం. మా ఆయనకు తెలిసిన ముడి ఒకటే, బర్రెను గుంజకు కట్టే ముడి. ఎంత ప్రేమగా వేశారంటే, విందుకు పోయి తిరిగొచ్చాక ఆ ముడి ఊడి రాలేదు. గోళ్లతో లాగారు. చెంచా పెట్టి తిప్పారు. చివరికి తలుపు సందులోంచి "అమ్మా, కత్తెర!" అని కేకేశారు.

మా అత్తగారు చెంచమ్మ కత్తెర అందిస్తూ ఒక చూపు చూశారు. "ఏందిరా అది?"

"ఫ్యాషనమ్మా."

"బర్రె కూడా ఇంత గట్టిగా కట్టేస్తే ఊరుకోదురా. ఈ బిడ్డ కాబట్టి ఓర్చుకుంది."

ఇప్పుడు అసలు శాస్త్రంలోకి వద్దాం. ఎన్ని ఫ్యాషన్లు వచ్చినా జాకెట్టు కుట్టాలంటే మా వైపు టైలర్లు టేపును నమ్మరు. మనకు సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇవ్వాలి. అదే ఆది జాకెట్టు. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కత్తెర వేస్తారు. ఆడమనిషి ఎంత చదివినా, ఎక్కడికి పోయినా, ఆమె అసలు ఆకారం ఆ పాత జాకెట్టులో భద్రంగా ఉంటుంది.

కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ ప్రమీలారాణి అన్నీ సర్దింది. ఊరగాయలు, అప్పడాలు, మెంతి పొడి, బళ్లో నాకు కుంటాటలో వచ్చిన స్టీలు గిన్నె కూడా. ఆది జాకెట్టు ఒక్కటి మరిచిపోయింది. అది ఉదయగిరిలో టైలర్ షరీఫున్నీసా అక్క మిషను పక్కన మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

తెప్పించుకోవచ్చు కదా, ఎవరో ఒకరి చేతికిస్తే బస్సులో వచ్చేస్తుంది కదా అని మీరు అనబోతున్నారు. దయచేసి మీరు ఊరికే ఉండండి!

ఎందుకంటే మొదట్లో నేను అమాయకంగా నిజం చెప్పి చూశాను.

"అత్తా, ఒకసారి ఉదయగిరికి పోయొస్తా."

"ఎందుకు?"

"ఊరికే. అమ్మను చూసొస్తా."

"అమ్మకు బాగలేదా?"

"బాగానే ఉండాది."

"మరి ఇంకేంది?"

దీనికి బీకాంలో సమాధానం లేదు. అయినా సంచి తీసుకుని గేటు దాటాను. పక్కింటి లిదియమ్మ పిన్ని చీపురు పక్కన పెట్టి ఎదురొచ్చింది.

"ఏంది పాపా, సంచి ఎత్తుకోని పోతాండావు? ప్రశాంత్ ఏమన్నా అన్నాడా?"

"లేదు పిన్నీ."

"మీ అత్త అన్నాదా?"

"లేదు."

"మీ నాయనకు ఒంట్లో...?"

"బాగుండాడు పిన్నీ. అందరూ బాగుండారు."

"అందరూ బాగుంటే ఎందుకు పోతాండావే తల్లీ!" అని ఆమె నిజంగానే కళ్లు తుడుచుకుంది. నేను తిరిగొచ్చేసరికి వీధిలో సగం మంది మా ఆయనను పలకరించి, సర్దుకుపొమ్మని చెప్పి ఉన్నారు. ఆయనకు ఏం సర్దుకోవాలో అర్థం కాక బీరువా సర్దారు.

అంటే లెక్క ఏమిటి? నేను మా అమ్మను చూడాలంటే ఆమెకు జ్వరమైనా రావాలి, నాకు విడాకులైనా రావాలి. రెండూ లేకపోతే ఆ ప్రయాణం చెల్లదు!

అదే, "అత్తా, చేతులకు పఫ్ పెట్టించాల. ఆది జాకెట్టు ఉదయగిరిలో ఉండాది" అని చూడండి. ఒక్క ప్రశ్న ఉంటే ఒట్టు! "అయితే పోయిరా. మంగళారం, శుక్రారం మాత్రం కోడలు గడప దాటగూడదు" అంటారు అత్తగారు, అంతే. లిదియమ్మ పిన్ని అయితే "ఆఁ, జాకెట్టా! పో పో, బస్సు పోతాది" అని గేటు కూడా తీసి పట్టుకుంటుంది. జాకెట్టు కోసం బయల్దేరిన ఆడదాన్ని ఈ లోకంలో ఏ శక్తీ ఆపదు.

మా అత్తగారికి మాత్రం ఈ సౌకర్యం పోయింది. ఆమె పుట్టిల్లు కలువాయి. అక్క ఇప్పటికీ అక్కడే ఉంది. అక్కడ కామయ్య అనే టైలర్ ఆమె జాకెట్లు కుట్టేవాడు. ఆయన మిషను మానేశాక ఆమె ఆత్మకూరులో దొరికే రెడీమేడ్ జాకెట్లకు మారిపోయారు. ఇక కలువాయిలో పనేముంది? నేను వచ్చాక ఆమె అక్కడికి పోవడం చూడలేదు. పోదామనడం కూడా వినలేదు.

ఇక నా ప్రయాణాల సంగతి. ఉదయగిరి కొండ బస్సు కిటికీలోకి రాగానే నేను లేచి నిలబడతాను. ఊరు ఇంకా దూరమే. అయినా నిలబడతాను. ఇంటికి పోతే అమ్మ నన్ను పైనుంచి కిందికి చూస్తుంది.

"మళ్లీ వచ్చినావా? ఈసారి ఏం పెరిగింది, చెయ్యా, మెడా?"

అలా అంటూనే దోసె పెనం పొయ్యి మీద పెడుతుంది. పిండి మాత్రం అప్పటికే పులిసి ఉంటుంది. ఇద్దరం పెరటి మెట్ల మీద కూర్చుని మునగాకు దూస్తాం. ఆమె మా పెద్దమ్మ మీద చాడీలు చెబుతుంది. నేను ఊఁ కొడతాను. ప్రపంచంలో ఇంతకన్నా విలువైన ఫ్యాషన్ ఈవెంట్ జరిగినట్టు నాకు సమాచారం లేదు.

షరీఫక్క పని మాత్రం మహా చురుకు. మొదటిసారి పోయినప్పుడు "పఫ్ పెట్టేకి ఒక గంట చాలు బేటీ, సాయంత్రం బస్సుకు పోవచ్చు" అంది.

"అక్కా, గంటలో అయిపోతే అది ఫ్యాషనెట్లా అవుతాది?"

ఆమె నా వైపు చూసింది. నా వెనక నిలబడి గోడ మీది కేలెండర్‌ను అదేపనిగా చదువుతున్న మా అమ్మ వైపు చూసింది. మిషను మీద నుంచి కాలు తీసేసింది. "సరే, ఇది చానా కష్టమైన చెయ్యి. రెండు దినాలన్నా పడతాది."

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. సాదా మెడ అంటే సాయంత్రం బస్సు. పఫ్ అంటే ఒక రాత్రి. తాళ్లు, కుచ్చులు, అద్దాలు, వీపు మీద నెమలి ఉంటే, అమ్మ పక్కన నిద్రకు నిద్ర, తిండికి తిండి! సిటీ డిజైనర్లు వెర్రివాళ్లని మీరు అనుకుంటున్నారు. వాళ్లు కుట్లు ఎంత పెంచితే నాకు దోసెలు అంత పెరుగుతాయి. వాళ్ల కాళ్లకు మొక్కాలి!

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థ మీద పిడుగు పడింది. మా ఊళ్లో జెస్సీ అనే అమ్మాయి బొటిక్ నడుపుతుంది. ఆమె హైదరాబాద్ నుంచి ఒక డిజైనర్‌ను పట్టుకొచ్చి కొలాబరేషన్ ప్రకటించింది. ఫోను ముందు నిలబడి ఒక చుట్టు తిరిగితే చాలు, అదే కొలతలు తీసేసుకుంటుందట. సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు: 'ఆది జాకెట్టుకు ఇక సెలవు!'

ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.

పైగా దాని ప్రచారానికి కల్యాణ మండపంలో స్టైల్ సంబరం. అందులో కొత్త కోడళ్ల రౌండు. మా ఆయన నా పేరు ఇచ్చేసి, బజ్జీల పొట్లంతో ఇంటికి వచ్చారు.

"ఇంక నువ్వు ఉదయగిరికి తిరగాల్సిన పన్లేదు. జాకెట్టు జాకెట్టుకూ ఆ బస్సుల్లో ఎంత కష్టపడతాండావో నేను చూస్తానే ఉండా!"

కష్టం గమనించే మొగుడు దొరకలేదని ఎంతోమంది ఆడవాళ్లు బాధపడుతుంటారు. దొరికితే ఎంత ప్రమాదమో నన్నడగండి! ముఖం చూస్తే బంగారంలా ఉంది. బజ్జీ తుంచి నోట్లో పెడుతున్నారు. ఏమని తిడతాను?

నేను తేలిగ్గా లొంగలేదు. కొలతల రోజు పంజాబీ డ్రెస్ లోపల మామగారి స్వెట్టర్ వేసుకుని పోయాను. నడుముకు తువ్వాలు చుట్టాను. బుగ్గలు పొంగించి, ఊపిరి బిగబట్టి ఫోను ముందు తిరిగాను.

"ఊపిరి వదలక్కా," అంది జెస్సీ. "స్వెట్టరున్నా, దుప్పటున్నా ఇది కనిపెట్టేస్తాది."

కనిపెట్టేసింది! వచ్చిన జాకెట్టు తొడుక్కుంటే నా చర్మం మీద ఇంకో చర్మంలా కూర్చుంది. అంత చక్కటి ఫిట్టింగ్ నా జన్మలో చూడలేదు. దరిద్రం!

మండపంలో అన్నాల బల్లలు వరసగా చేర్చి, పైన పచ్చ తివాచీ పరిచి ర్యాంప్ చేశారు. మైకు సురేంద్రబాబు చేతిలో ఉంది. ఎన్నికలప్పుడు ఆటోలో తిరుగుతూ అరిచే గొంతు అది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"నిగర్వి, మృదుభాషి, నిరంతరం ప్రజల్లో ఉండే మన ఆత్మకూరు కోడలు అశ్వితమ్మ గారు! మీ అమూల్యమైన చప్పట్లు వీరికే వేసి అఖండ మెజారిటీతో..."

ముందు వరసలో మా అత్తగారు, మామగారు మల్లికార్జున, పక్కన మా ఆయన. నా తలలో ఒకటే ఆలోచన. ఈ జాకెట్టు సరిపోయిందని ఈ ముగ్గురికీ తెలిస్తే ఆ మేకుకున్న ఆది జాకెట్టు పని అయిపోయినట్టే. మునగాకు, పెరటి మెట్లు, పెద్దమ్మ చాడీలు, అన్నీ అయిపోయినట్టే.

ఎడమ భుజం చెవిదాకా ఎత్తాను. కుడి భుజం కిందికి వదిలేశాను. మోచేతులు దూరంగా పెట్టి, చంకలో సెగగడ్డ లేచినదానిలా కుంటుకుంటూ నడిచాను. జాకెట్టు నలగాలి కదా? నలగలేదు! నేను ఎటు వంగితే అటు వంగింది.

డిజైనర్ నల్లకళ్లద్దాలు తీసి లేచి నిలబడ్డాడు. "వాట్ ఎ వాక్!" అని అరిచాడు. వెనకున్న అమ్మాయిలందరినీ అలాగే నడవమన్నాడు. దివ్యశ్రీ, సుమయా, వాళ్ల వెనక మిగిలినవాళ్లు, అందరూ ఒక భుజం ఎత్తి, ఒక భుజం దించి, కూలిపోతున్న పందిరి గుంజల్లా వరసగా వచ్చారు. మండపం చప్పట్లతో ఊగిపోయింది. మేం మండపం బయటికి వచ్చేసరికే మా బస్టాండులో కాలేజీ పిల్లలు అలాగే నడుస్తున్నారు. దాన్ని 'ఆత్మకూరు వంపు' అంటున్నారట. చరిత్రలో నా పేరు ఇలా నిలిచింది.

మొదటి బహుమతి నాకే వచ్చింది. స్పాన్సర్ మోటార్ల షాపు కాబట్టి, బహుమతి బోరు మోటారు. కిరీటం పెట్టి, మోటారు చేతిలో పెట్టబోతే మోయలేక మా ఆయనను పిలిచాను.

షావలి ఆటోలో మోటారుతో సహా ఇల్లు చేరాం. దాన్ని హాలు మధ్యలో దించారు. మామగారు దాని చుట్టూ తిరుగుతూ మురిసిపోతున్నారు. మా ఆయన నన్ను చూసి మురిసిపోతున్నారు.

"చూసినావా అమ్మా, ఎట్లా సరిపోయిందో! ఇంక ఉదయగిరి పోయే పనే లేదు."

అత్తగారు నన్ను దగ్గరికి పిలిచి, లైటు కిందికి తిప్పారు. భుజం కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపారు. ఆ వేలికి ఎక్కడా ముడత తగల్లేదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసింది. తల ఎత్తి నా ముఖం చూశారు. చాలాసేపు చూశారు.

"సరిపోవడమేందిరా నీ మొగం!" అన్నారు కొడుకుతో. "బిడ్డ భుజం ఎత్తుకోని ఎట్లా అల్లాడతా నడిచిందో మీకు అగపళ్లేదా? చంక కాడ పట్టేసింది. ఫోనుకేం తెలస్తాది మనిషి కొలత? రేపు పొద్దున బస్సుకు ఉదయగిరికి పోయి, ఆది జాకెట్టు చూపించి సరిచేయించుకోని రానీ."

నేను తల దించుకున్నాను. నవ్వు కనిపించకూడదు కదా!

అత్తగారు అక్కడితో ఆగలేదు. తన జాకెట్టు చేతిని పట్టి లాగి చూసుకున్నారు. "నాకూ ఈ రెడీమేడువి పట్టేస్తాండాయి. నేనూ ఒకటి కుట్టించుకోవాల. నా ఆది జాకెట్టు కలువాయిలో ఉండాది."

మామగారు మోటారు మీద నుంచి తల ఎత్తారు. "కలువాయిలో ఎవురు కుడతారు? కామయ్యకు చూపు ఆనక మిషను అమ్మేసినాడు గదా?"

"కామయ్య మానుకుంటే ఏం? జాకెట్టు ఆడే ఉండాది గదా!"

ఈ వాదనకు ఎదురు చెప్పగల మగవాడు నెల్లూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు. మామగారు మళ్లీ మోటారు వైపు తిరిగారు.

కాబట్టి సిటీలోని డిజైనర్లందరికీ నా విన్నపం. మీరు చాలా కనిపెట్టారు. గోడలో కలిసిపోయే చీర కనిపెట్టారు. స్వెట్టర్ లోపలి మనిషిని చూసే ఫోను కనిపెట్టారు. 'ఊరికే, అమ్మను చూడాలనిపించింది' అని చెప్పి గడప దాటితే, ఎందుకని ఎవరూ అడగని జాకెట్టు ఒకటి కనిపెట్టండి. ఆదివారం సంచికలో మీ ఫొటో పెద్దది వేయిస్తాను. అది చేతకాకపోతే, చేతులు పెంచండి. మెడలు తిప్పండి. వీపుల మీద నెమళ్లను, వీలైతే పిల్లలతో సహా, కుట్టించండి. పని ఎంత ఆలస్యమైతే అంత పుణ్యం.

ఇది రాసి సంచి సర్దుకుంటూ ఉంటే అత్తగారు నా ఫోను పట్టుకుని గదిలోకి వచ్చారు. తలుపు దగ్గరగా వేశారు. మంచం మీద నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించారు.

"అమ్మే, ఈ మెడలన్నిట్లో కుట్టేదానికి ఎక్కువ దినాలు పట్టేది ఏది?"